పడవ చెక్కకి ఉప్పు పోయేదాకా

కింది వాటా చాచా పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను దువ్వాడ స్టేషన్లో, బెంచీ నిండా సామాను పరుచుకున్న ఒక పెద్దమనిషితో పోట్లాడుతున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పోట్లాట పూర్తిచేసి మరీ కదిలాను. నాకు ఆగడం రాదు. అది నేర్పాలని చూసిన ఒకే ఒక్క మనిషి లేడని తెలిసిన నిమిషంలో కూడా రాలేదు.

హార్బరు దగ్గరి పాతపట్నంలో మాది మేడమీది వాటా, ఆయనది కింద. పడవలకీ తలుపులకీ పనిచేసిన వడ్రంగి. మోకాళ్లు అరిగాక పెద్ద పనులు మానేసి, ఆర్కిడ్ మొక్కల్ని చెక్కలకి కట్టడం మొదలుపెట్టారు. సింహాచలం కొండకింద రోడ్డు కోసం మామిడి చెట్లు నరికేస్తే, ఆ కొమ్మల మీద అవి దిక్కులేకుండా ఎండుతుంటే ఏరుకొచ్చేవారు. వాటికి మట్టి పనికిరాదు. వేళ్లతో కరుచుకోవడానికి ఒక చెక్కో రాయో ఉండాలి. కాస్త కొబ్బరిపీచు పెట్టి, కూతురు బట్టలు కుట్టగా మిగిలిన గుడ్డపీలికలతో బిగించేవారు.

ఫిషింగ్ హార్బర్లో విరిచి పడేసిన పడవ చెక్క ఒకటి నేను తెచ్చిచ్చాను. దాన్ని డ్రమ్ములో ముంచి రోజూ నీళ్లు మార్చేవారు. సముద్రంలో తిరిగిన చెక్క ఉప్పు విడవకుండా మొక్కని కడితే వేళ్లు మాడిపోతాయి. ఉప్పు పోయిందో లేదో చూడడానికి ఆయన చెక్క మీద నాలిక పెట్టేవారు.

"ఏం చాచా, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"నీ ఉపన్యాసానికి సాల్లేదు గానీ, దీనికి ఎక్కువైపోనాది."

పది రోజులు ఓపిక పట్టాను. ఆయన ఏదో చిన్న పని మీద ఆటోనగర్ వెళ్లిన పూట, చెక్క బయటికి తీసి మొక్కని నేనే కట్టేశాను. నెల తిరక్కుండా వేళ్ల కొసలు నల్లబడ్డాయి. ఆయన తిట్టలేదు. ఎండిన వేరు నా అరచేతిలో పెట్టి, "దీనికి నోరుంటే నీకంటే పెద్ద గొడవ సేసును" అన్నారు. చెక్కని మళ్లీ డ్రమ్ములో వేశారు.

ఎదురింటాయన ఓసారి, "చెట్టు రక్తం పీల్చే మొక్కలివి, ఇంట్లో ఎందుకు?" అన్నాడు. చాచా తలెత్తలేదు. "కూకోడానికి సోటు సాలు బాబూ దీనికి. తిండి దాని తిండే." బయటినుంచి వచ్చి బతికేవాళ్లందర్నీ రక్తం పీల్చేవాళ్లంటున్న ఈ రోజుల్లో, ఆ ఒక్క మాట మీద నేను రెండు వ్యాసాలు రాశాను. చూపిస్తే, "నాను సెప్పింది ఒక ముక్క. దానికి ఇన్ని కాయితాలేటి?" అన్నారు.

పోర్టు బొగ్గు రేపే నల్లపొడికి ఊరంతా దగ్గుతుంటే మొక్కలేమిటని ఆయన మీద అరిచాను కూడా. "ఊరేగింపుకి రా చాచా!"

"వత్తాను గానీ లీడరూ, ముందీ నీళ్లు మార్సనీ."

వచ్చారు. అంతకుముందు రోజే జెండాకర్రలన్నిటికీ చిత్రిక పట్టారు, ఆడవాళ్ల చేతుల్లో పేళ్లు గుచ్చుకుంటున్నాయని. ఏళ్లుగా ఆ కర్రలు పంచుతున్న నాకు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈ వానాకాలం మొదట్లో ఇంకో మొక్క దొరికింది. చెక్కలో ఇంకా ఉప్పుందని, మొక్కని కిటికీ ఊచకి దారంతో వేలాడదీసి రెండుపూటలా తడిపేవారు. మొక్క అలా వేలాడుతుండగానే ఆయన పోయారు. తొందరపడితే ఉప్పు చంపుతుంది, ఆలస్యమైతే ఎండి చస్తుంది. ఒకదాన్ని ఇప్పటికే చంపిన చెయ్యి నాది.

మూడో రోజు ఆయన కూతురు అడిగింది. "భయ్యా, నాన్న సివర్న తెచ్చిన మొక్క. ఏటి సేద్దాం?"

"కట్టేద్దాం. ఎన్నాళ్లు వేలాడుతుంది?"

చెక్క మీద నాలిక పెట్టాను. బీపీ మందులతో రుచి చచ్చిన నాలిక నాది, ఏమీ తేల్చలేకపోయాను. ఆమె రుచి చూసి "ఉన్నాది" అంది. నేను వాదన ఎత్తుకోబోయాను.

"నాన్నతో వాదించినట్టు నాతో వాదించకు. నీళ్లు పొయ్యి."

పోశాను. అప్పట్నుంచి రోజూ కిందికి దిగి నీళ్లు మారుస్తున్నాను. ఆకులు ముడుచుకున్నాయా అని తడిమి చూస్తున్నాను. సభలో మాట్లాడుతూ ఆ కిటికీ గుర్తొచ్చి వాక్యం మధ్యలో తడబడుతున్నాను.

నిన్న నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన. చుట్టాలు వెళ్లాక ఆమె చెక్క మీద నాలిక పెట్టి, ఇంక లేదంది. పీచూ గుడ్డపీలికలూ తెచ్చింది. మొక్కని దించబోయి ఆగిపోయింది. ఆకుల వెనకనుంచి కొత్త వేరొకటి వచ్చి, తుప్పుపట్టిన ఊచని చుట్టి కరుచుకుంది. ఒళ్లంతా తెలుపు, కొస మాత్రం పచ్చన. లాగితే తెగుతుంది.

రెండు వారాల తెరిపి తర్వాత అప్పుడే వాన మొదలైంది. ఇదివరకైతే జల్లు కొట్టినప్పుడు మొక్కని దించి కిటికీ రెక్కలు మూసేది. ఇప్పుడు దించడానికి లేదు, రెక్కలు మూయడానికీ లేదు. కుట్టుమిషన్ మీద చినుకులు పడుతున్నాయి.

"అటు పట్టు, భయ్యా."

ఇద్దరం మిషన్ని గోడవారకి జరిపాం. ఆమె కూర్చుని, తడిసిన గుడ్డ అంచుని సూది కిందికి తోసి, తెరిచి ఉన్న కిటికీకి ఎదురుగా తొక్కడం మొదలుపెట్టింది.