అక్క బాగుచేసిన మోటారు

నా చిన్నప్పుడు, ఏడేళ్ల వయసులో, ఓడలో దిగిన విదేశీ కారు మోటారు విప్పి బాగుచేశాను. ఖిదిర్‌పూర్ అనే బెంగాల్ ఓడరేవుకి దగ్గర్లో, వాట్‌గంజ్‌లో మా లైను ఇళ్ల ముందు, రెండు వందల మంది చూస్తుండగా ఆ కారు నేను చెప్పినట్టల్లా తిరిగింది. ఈ కథ చాలా ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగింది. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాను కనుక తగ్గించి చెబుతాను.

నాకప్పుడు ఏడు కాదు, పదకొండు. చూసినవాళ్లు పదిమంది, అందులో ఇద్దరు చంకలోని పసిపిల్లలు. కారు బొమ్మకారు, జానెడు పొడవు. చేతిలో చిన్న పెట్టె పట్టుకుని మీట నొక్కితే, మధ్యలో తీగ లేకుండానే కదిలే రకం. ఇక బాగుచేయడం సంగతి వరసలో చెబుతాను.

మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మా పక్కింటి అక్కది. వాళ్ల నాన్న కాలిపోయిన ఫ్యాను మోటార్లకు కొత్త తీగ చుట్టేవాడు. మంచి పనివాడని పేరు. కానీ ఆయన చూపు ఎప్పుడో మందగించింది. చుట్టేది అక్క. కిటికీ దగ్గర కూర్చుని, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకునేది. ఫ్యాను బయటికి వెళ్లేటప్పుడు మాత్రం నాన్న చేతుల మీదుగా వెళ్లేది. ఈ సంగతి లైనులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పని తెచ్చే బయటివాళ్లకు తెలియదు.

అలాంటి బయటివాడే, అందరం దాదా, అంటే అన్నా, అని పిలిచే ఒక బెంగాలీ ఆయన. బజారులో ఆయనకు ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసే దుకాణం ఉండేది. మెకానిక్ మానేసి వెళ్లిపోతే పని బల్ల ఖాళీగా పడి ఉంది. ఓడవాళ్ల దగ్గర దొరికిన ఆ బొమ్మకారు తెచ్చి అక్క నాన్న ముందు పెట్టి, మీరు పని నేర్పినవాళ్లలో దీన్ని ఎవరు నడిపిస్తే వాళ్లకే ఆ బల్ల ఇస్తానన్నాడు. అక్క తలుపు చాటు నుంచి వింది. ఆయన వెళ్లాక నాతో అంది: “ఈపాలి నానే సేసినానని సెప్పేస్తాన్రా. ఆ బల్ల కాడ కూసుంటే నా పని నా పేరు మీద పోద్ది.”

మర్నాడు ఆదివారం. కారు మీట నొక్కితే ఒక కుదుపు, ఒక మూలుగు, అంతే. వెనక నుంచి తోస్తే కొంచెం నడిచి ఆగేది. ముట్టుకుంటే వేడి. మోటారు కాలిపోయిందని నేను తీర్పు చెప్పేశాను.

“కాలితే కంపొస్తాది. ముక్కుండి ఏటి లాభం నీకు?” అంది అక్క.

ఆమె ఏ పని చేసినా పైకి చెప్పుకుంటూ చేసేది. నాన్నకు కనబడదు కనుక వినబడాలని. ముందు బ్యాటరీలు మార్చింది. అదే మూలుగు. తర్వాత కరెంటు లేకుండా చక్రాన్ని బొటనవేలితో తిప్పి చూసి, ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకను సూదితో లాగింది. అయినా అంతే. అప్పుడు మోటారు ఊడదీసి తిన్నగా బ్యాటరీకి తగిలించింది. లోపల నిప్పురవ్వలు. “సక్రాలు మంచివే, పళ్ల సక్రాలూ మంచివే. రోగం మోటారులోనే ఉంది నాన్నా” అంది. మూత విప్పితే, లోపల తిరిగే రాగికి కరెంటు అందించే రెండు కార్బన్ ముక్కల్లో ఒకటి అరిగిపోయి గోటి మురికంత మిగిలింది. అక్క పాత టార్చి సెల్లు ఒకటి పగలగొట్టి, అందులోని నల్ల కడ్డీ నుంచి చిన్న ముక్క విరిచి, గుమ్మం రాతి మీద అరగదీసింది. అరగదీయడం, పెట్టి చూడడం, మళ్లీ అరగదీయడం. మధ్యాహ్నం దాటింది. రాగి మీది మసిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి మూత బిగించింది.

మోటారు చక్కగా తిరిగింది కానీ కారు మాట వినలేదు. ఆపమంటే పోయేది, పొమ్మంటే ఆగేది. అదే సమయానికి మా ఇంట్లో రేడియో గరగరమంది. అక్క వేలు పైకెత్తింది. “ఇన్నావా నాన్నా? ఈ రవ్వల గోల ఆ రేడియోకే ఇనిపిస్తంటే, కారు సెవికి ఇనిపించదేటి? ఇంక పెట్టె సెప్పింది దానికేటి తెలుస్తాది?” మోటారు మీద ఒక కాలు ఊడి వేలాడుతున్న, రవ్వల గోలను అణిచే బిళ్లలాంటి కండెన్సరుకి టంకం పెట్టింది. రేడియో గరగర ఆగింది. కారు బుద్ధిగా మాట వింది.

బయట తిప్పి చూడమని పెట్టె నా చేతికిచ్చి, అక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఆ రోజు నేను చేసిన సాయం మొత్తం ఒక స్క్రూడ్రైవర్ అందించడం. అది కూడా వేరేది అందించాను.

లైనులో జనం పోగయ్యారు. కారు నా మీట కింద గిరగిరా తిరుగుతోంది. దాదా అప్పుడే వచ్చి, ఎవరు బాగుచేశారని అడిగాడు. అందరూ నా చేతిలోని పెట్టెనే చూస్తున్నారు. “ఆమి” అన్నాను. నేనే అని.

దాదా నవ్వాడు. అయితే రోగమేమిటో చెప్పు ఖోకా, అంటే బాబూ, అన్నాడు. పొద్దున్నుంచీ విన్నదంతా నా నోట్లో సిద్ధంగా ఉంది. చక్రం దగ్గర మొదలుపెట్టి రేడియో గరగర దాకా అక్క వరసలోనే అప్పజెప్పాను. ఆయన నవ్వు మాయమైంది. తడిచేతులతో గుమ్మంలో నిలబడిన అక్కను, నిజమేనా అని అడిగాడు. అక్క నన్ను చూసింది. లోపల కూర్చున్న నాన్న వైపు చూసింది.

“అవును దాదా, ఆడే” అంది. అయితే ఆ బల్ల నీదే అన్నాడు దాదా నాతో.

అక్క ఎందుకు అలా అందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పదిమందిలో నేను అబద్ధాలకోరుని కాకూడదనా, నాన్న చూపు సంగతి బయటపడుతుందనా? నాకు తేలికగా ఉన్న కారణం నేను నమ్ముతూ వచ్చాను.

ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచి, పాడైన మోటారొకటి నా ఒళ్లో పెట్టింది. “సేసినానన్నావు కదా, సెయ్యి మరి.” నేను ఏడ్చాను. “ఏడిస్తే మోటారు తిరగదు గుంటడా. రేపట్నుంచి బడయ్యాక నా కాడికి రా. ఆడి దుకాణంలో నీకేటీ రాదని తెలిస్తే, మా ఇంటికొచ్చే పని కూడా పోద్ది.” కోపంగా అనలేదు. అలా అనుంటే బాగుండేది.

నా అబద్ధం నిజమయ్యేదాకా అక్క నాకు పని నేర్పింది. రెండేళ్లు పట్టింది. బడయ్యాక సాయంత్రాలు మొదలుపెట్టి, ఆ బల్ల దగ్గర నలభై ఏళ్లకు పైగా కూర్చున్నాను. దాదా తర్వాత దుకాణం నాదే అయింది. వాళ్ల నాన్న పోయాక అక్కకు తీగ చుట్టే పని నేనే పంపేవాణ్ని. చుట్టు చక్కగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, మా దుకాణం పని అలాగే ఉంటుందని చెప్పేవాణ్ని. దాదా బతికుండగా ఒక్కసారి నోరు విప్పుంటే సరిపోయేది. రేపు చెబుదాం అనుకుంటూ ఆయన్నీ సాగనంపాను.

అక్క పోయి కొన్నేళ్లయింది. ఆమె పోయిన రోజు లైనులో ఒక ముసలాయన నా భుజం మీద చెయ్యేసి, “పాపం, నీ దగ్గరే కదా పని నేర్సుకుంది” అన్నాడు. నేను తల దించుకున్నాను. అవునన్నానని అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఇప్పుడు సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఫ్లాటులో ఉంటున్నాను. మెట్ల మీద పిల్లలు ఆగిపోయిన బొమ్మకార్లు తెస్తే, ముందు చక్రాన్ని బొటనవేలితో తిప్పి చూస్తాను. ఇక్కడి పిల్లలకు తెలుగు చదవడం రాదు. అందుకేనేమో ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మొన్న ఒకమ్మాయి, ఎవరు నేర్పారు తాతా అని అడిగింది. ఎవరూ నేర్పలేదమ్మా, నాకే వచ్చింది అన్నాను. ఆ మాట ఎప్పుడూ ముందే సిద్ధంగా ఉంటుంది. అక్క నేర్పిందని చెప్పాలని గుర్తొచ్చేసరికి ఆ పిల్ల కారు తీసుకుని వెళ్లిపోయింది.