బాబాయి పేరు మీద నా బంగారం

నా పని జాకెట్లు కుట్టడం. తెనాలిలో మా షాపుకి వచ్చే ఆడవాళ్ళ ముఖాలు మర్చిపోతానేమో గానీ మెడలు మర్చిపోను. ఎవరి భుజం జారుడు, ఎవరి మెడ పొట్టి, ఎవరు ఏ గొలుసు కనబడాలని మెడ లోతు పెట్టమంటారు, అన్నీ నాకు తెలుసు. అంత తెలిసినదాన్ని, నాలుగేళ్ళపాటు ఒక మెడని చూస్తూ కూడా ఏమీ కనిపెట్టలేకపోయాను. చివరికి అది రేపల్లె బ్యాంకులో బయటపడింది.

షాపు పెట్టిన కొత్తలో మంచి మిషన్లు కొనాలి, గదికి అడ్వాన్సు కట్టాలి. నా దగ్గరున్నది ఒక కెంపుల నెక్లెసు, నాలుగు గాజులు. బయట తాకట్టు పెడితే వడ్డీ మండిపోతుంది. దీనికి మా వైపు ఒక దారుంది. అందరికీ తెలుసు, ఎవరూ తప్పనుకోరు. పొలం పాస్‌బుక్కు ఉన్న రైతు బంగారం పెడితే బ్యాంకు వ్యవసాయ రుణమని తక్కువ వడ్డీకి ఇస్తుంది. అందుకని పొలం లేనివాళ్ళు పొలం ఉన్న చుట్టాన్ని పట్టుకుంటారు. బంగారం మనది, పేరు వాళ్ళది.

నాకు భట్టిప్రోలులో బాబాయి ఉన్నాడు. సొంత బాబాయి కాదు, మా నాన్న స్నేహితుడు. నాన్న పోయాక నా మంచీచెడ్డా ఆయనే చూశాడు. అడగ్గానే సరేనన్నాడు.

"నీ వస్తువులు తాకట్టులో ఉన్నాయని మీ అత్తగారి వైపు తెలిస్తే నీకు చిన్నతనం అమ్మాయ్. నేనెవరికీ చెప్పను. మీ పిన్నిక్కూడా చెప్పను, సరేనా" అన్నాడు.

ఎంత మంచి మాట అనుకున్నాను. ఆ మంచి మాటే తర్వాత నా పీకల మీదికొచ్చింది.

రేపల్లెలో దిగాక ఆయన నన్ను బ్యాంకు లోపలికి రానివ్వలేదు. "ఇద్దరం వెళితే బంగారం ఎవరిదని అడుగుతారు. నువ్విక్కడే కూర్చో" అని సోడా కొట్టు ముందు కూర్చోబెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చి నేనడిగిన మొత్తం నా చేతిలో పెట్టాడు. నిజానికి నాకు ఆశ్చర్యమేసింది. కెంపులూ లక్కా తీసేస్తే నెక్లెసులో బంగారం తక్కువేనని, ఉన్న బంగారం విలువలో కూడా బ్యాంకు కొంత భాగమే ఇస్తుందని తెనాలిలో నగల షాపతను ముందే చెప్పాడు, ఆ మాట బాబాయికీ చెప్పాను.

"బాగా ఇచ్చారే బాబాయ్!"

"రైతంటే వాళ్ళకి గౌరవం అమ్మాయ్" అని నవ్వాడు.

నేను నమ్మేశాను. జానెడు గుడ్డ తేడా వస్తే కస్టమరుతో పోట్లాడేదాన్ని, అంత డబ్బు ఎలా వచ్చిందో మాత్రం రెండో మాట అడగలేదు.

ఏటా వడ్డీ డబ్బు నేనిచ్చేదాన్ని, ఆయన లోపలికెళ్ళి లోను తిరగరాయించి వచ్చేవాడు. నేను సోడా తాగుతూ కూర్చునేదాన్ని.

పిన్ని జాకెట్లు కూడా నేనే కుట్టేదాన్ని. ఆవిడకి రెండు పేటల గొలుసు ఒకటుండేది. పుట్టింటి వాళ్ళు పెట్టింది. అది కనబడేలా ముందు మెడ కాస్త దించి కుట్టమని ప్రతిసారీ గుర్తు చేసేది. ఉన్నట్టుండి ఒక ఏడాది మెడ పైకి కుట్టమంది.

"ఏంటి పిన్నీ, ఇప్పుడు గుర్తొచ్చిందా వయసు?" అని ఆటపట్టించాను.

"అవునే, ఇంకా ఏం సోకులు" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఒక పెళ్ళిలో ఉత్త పుస్తెల తాడుతో కనబడితే, "గొలుసు ఇంట్లో దాచుకుని ఎవరికి చూపిస్తావు?" అని కూడా అన్నాను. నా నోరు అలాంటిది.

పోయిన ఏడాది షాపు నిలదొక్కుకుంది. కోతలయ్యాక లోను కట్టేసి నా వస్తువులు తెచ్చుకుందామని బాబాయితో అనుకున్నాం. ఈలోగా ఒక పొద్దున పొలం గట్టు మీద ఆయన కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ముందు రోజే ఫోన్లో మాట్లాడిన మనిషి. నాకు ఏడుపు కూడా రాలేదు, అలా గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

పెద్దకర్మ అయ్యేదాకా బంగారం మాట మనసులోకి రానివ్వలేదు. తర్వాత ఒక్కదాన్నే రేపల్లె వెళ్ళాను. మొదటిసారి ఆ బ్యాంకు మెట్లెక్కాను. మేనేజరు మర్యాదగల మనిషి. నేను చెప్పిందంతా విని కంప్యూటర్లో చూసి, ఒక్క మాట అంది.

"అమ్మా, ఈ లోనులో మీరెక్కడా లేరండి."

"బంగారం నాదండి. వడ్డీ కట్టింది నేను."

"కట్టిన చేతులు మాకు తెలియవు కదండి. ఇది నా సొంత బంగారమని ఆయన సంతకం పెట్టారు. మాకు ఆయనే యజమాని. ఇంకా వివరాలు బయటివాళ్ళకి చెప్పకూడదు."

బయటివాళ్ళు! ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మనిషి పోయినా అప్పు పోదు, తాకట్టూ పోదు. అసలూ వడ్డీ కట్టాక వస్తువులు ఆయన వారసులకే ఇస్తారు, అదీ అందరూ సంతకాలు పెడితేనే. ఎవరూ కట్టకపోతే నోటీసులిచ్చి వేలం వేస్తారు. వేలంలో అప్పు పోను మిగిలిన డబ్బు కూడా వారసులదే. పైగా బాబాయికి అక్కడే పొలం మీద ఇంకో అప్పుంది. అది బాకీ ఉండగా బంగారం వదలడం కష్టమంది.

తాకట్టు అంటే వస్తువు బ్యాంకులో పడుకుని ఉంటుంది, డబ్బు కట్టగానే లేచి ఇంటికొస్తుంది, అంతే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరి సంతకముంటే వాళ్ళ చేతికే వస్తుందన్న సంగతి తట్టలేదు. రెండు రూపాయల వడ్డీ కలిసొస్తుందని నా వస్తువుల మీద నా పేరు నేనే చెరిపేసుకున్నాను. ఇప్పుడు షాపుకొచ్చిన ఎవరైనా "మా మరిది పేరు మీద పెడుతున్నాం" అంటే టేపు పక్కన పడేసి మరీ తిడుతున్నాను. వడ్డీ ఎక్కువైతే అవనీ, నీ పేరు మీద పెట్టుకో, రసీదులో ఏయే వస్తువులు రాశారో చదువుకో, ఎంత విలువ కట్టి ఎంత ఇచ్చారో అడుగు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి చావు అంటున్నాను.

వారసులంటే పిన్ని, బాపట్లలో పురుగుమందుల షాపులో పనిచేసే కొడుకు, కర్లపాలెంలో కాపురముంటున్న కూతురు. భట్టిప్రోలు వెళ్ళి పిన్ని ముందు కూర్చుని విషయం చెప్పాను. కొడుకు అక్కడే ఉన్నాడు.

"నాన్న మాకెప్పుడూ చెప్పలేదక్కా. ఆయన పోయాకే చెప్పాలనిపించిందా నీకు? నీదని రుజువేంటి?"

చెంప మీద కొట్టినట్టయింది. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని తిరిగినవాడు. కానీ వాడి మాటలో తప్పేముంది? నా దగ్గర రుజువు లేదు. ఉన్న ఒక్క రుజువూ పొలం గట్టు మీద కూలిపోయింది.

పిన్ని వాణ్ణి ఆగమంది. నన్ను చాలాసేపు చూసింది.

"ఏమేం పెట్టావే?"

"నెక్లెసు, గాజులు పిన్నీ."

"అంతేనా?"

"అంతే."

"నీ నెక్లెసు నాకు తెలుసులే. నీ పెళ్ళిలో నేనే పెట్టాను నీ మెళ్ళో. సంతకం పెడతాను" అంది. ఆ "అంతేనా" అన్న ప్రశ్న నాకప్పుడు అర్థం కాలేదు.

ధాన్యం డబ్బు రాగానే కొడుకు పొలం అప్పు కట్టేశాడు. తాసీల్దారు ఆఫీసు నుంచి వారసుల సర్టిఫికెట్టు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. కర్లపాలెం నుంచి కూతురు కూడా వచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు, నా లోను డబ్బు నేను కట్టాను. మేనేజరు సీలు తెంపి సంచిలోవి ట్రేలో పెట్టింది. గాజులు. నెక్లెసు. ఆ తర్వాత ఇంకోటి జారి పడింది. రెండు పేటల గొలుసు.

"ఇది మాది కాదండి, పొరపాటున వచ్చినట్టుంది" అన్నాను కంగారుగా.

"లేదండి, అన్నీ ఒకే రోజు పెట్టినవే. నెక్లెసుకీ గాజులకీ అడిగినంత రాదని దీన్ని కూడా కలిపినట్టుంది."

పిన్ని చెయ్యి వెళ్ళి ఆ గొలుసు మీద పడింది. కొక్కెం తిప్పి చూసింది.

"ఇది నాది" అంది.

బాగా ఇచ్చారే బాబాయ్ అన్నాను ఆ రోజు. ఆయన నవ్వాడు.

"పొలం పెట్టుబడికన్నాడే" అంది పిన్ని, ట్రే వైపే చూస్తూ. "నీ మిషన్లకా?"

"నాకు తెలియదు పిన్నీ. ఒట్టు, నాకు తెలియదు."

"నీకు తెలియదని తెలుసులే." గొలుసుని చేతిలోకి తీసుకుంది. "నీ కోసమని చెప్పుంటే నేనే సంతోషంగా మెళ్ళోంచి తీసిచ్చేదాన్ని కదే. పంట పంటకీ నా గొలుసేదీ, నా గొలుసేదీ అని ఆ మనిషిని సతాయించి చంపాను. ఒక్కసారన్నా చెప్పలేదు."

కూతురు ఏడుస్తోంది. కొడుకు తల దించుకుని, "వేసుకోమ్మా" అన్నాడు. పిన్ని తల అడ్డంగా ఊపి గొలుసుని చేతిరుమాల్లో మూట కట్టింది. "ఇప్పుడెందుకురా నాకు" అంది. తర్వాత నా నెక్లెసు తీసుకుని, "నువ్వు వేసుకో, సంచిలో పెట్టుకుంటే పోగొట్టుకుంటావు" అని వెనక్కి తిప్పి తనే నా మెళ్ళో కొక్కెం పెట్టింది.

తిరుగు రైల్లో ఆవిడ నాకు ఎదురుగా కూర్చుంది. మెడలు చూడటమే నా పని. భట్టిప్రోలు వచ్చి ఆవిడ దిగేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.