పదికి పది వెయ్యని మా బావ

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే మా బావకి చేతుల్లో ఉండేది. ఆయనది టింకరింగ్ షెడ్డు. గుద్దుకుని నుజ్జయిన కారు తలుపుల్ని పగలంతా సుత్తితో బాది, సొట్టలు తీసి నున్నగా చేస్తాడు. అది చాలక మనుషుల్ని కూడా బాదేవాడు. రంగులేసే మనిషి ఎదురు మాట్లాడాడని అతని ముందు పళ్ళు రెండు రాలగొట్టాడు. వెనకనించి హారన్ మోగించిన ఓ లారీ డ్రైవర్ని కిటికీలోంచి కిందికి లాగి రోడ్డు మీద పడేసి తొక్కాడు. దానికి పదకొండు రోజులు లోపల కూర్చుని వచ్చాడు కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇవన్నీ నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పొద్దున్నించి సాయంత్రం దాకా మిషను ముందు వంగి కాలర్లు కుట్టుకునే దర్జీకి అలాంటి బావ ఉన్నాడంటే ఎంత ధీమా! నా షాపులో గొంతు పెంచి మాట్లాడినవాడు ఒక్కడూ లేడు.

అలాంటి మనిషి ఆరేళ్ళ కిందట ఉన్నట్టుండి చల్లబడ్డాడు. మా అక్క బాత్రూంలో జారిపడి ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్నది కూడా అప్పుడే. పెళ్ళాం కష్టం చూసి మనిషి మారాడని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. నేనూ నమ్మాను. నమ్మడానికి హాయిగా ఉన్నవాటిని నేను ఎప్పుడూ పెద్దగా తిరగేసి చూడలేదు.

ఆ తర్వాతే ఆయనకి ‘ఉక్కు గ్రహం’ పిచ్చి పట్టుకుంది. అది ఫోన్లో వచ్చే ఆడియో డ్రామా. ఇనుము తప్ప ఇంకేమీ లేని ఓ గ్రహం మీదికి ఆరుగురు కూలీలు తవ్వకానికి వెళ్తారు. వాళ్ళ మీద పెత్తనం చేసే నాయకుడికి రోజురోజుకీ మతి చెడుతూ ఉంటుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఓ భాగం వచ్చేది. బావ, అక్క పక్కపక్కన కూర్చుని, ఒకే ఇయర్‌ఫోను పంచుకుని వినేవాళ్ళు. ఒక బుడిపె ఆయన చెవిలో, ఇంకోటి అక్క కుడి చెవిలో. “నలభై దాటాక ఈ సరసాలేమిటి బావా?” అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. అక్క నా వంక చూసేది కాదు.

ఆ డ్రామా వినేవాళ్ళందరికీ ఓ గ్రూపు ఉంది. అక్క, బావ, నేను కలిపి అరవై ముగ్గురం. ఎక్కువమందిమి ఈ ఊరివాళ్ళమే అయినా, మేం ముగ్గురం తప్ప ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. రిటైరైన సైన్సు మాస్టారొకాయన ప్రతి వారం ఒకటే గొడవ. “గాలే లేని గ్రహం మీద పేలుడు చప్పుడు ఎలా వినబడిందండీ?” అనేవాడు. “చప్పుడు వద్దంటే డ్రామా ఎందుకు మాస్టారూ, దుప్పటి కప్పుకుని పడుకోండి” అనేవాడు ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మనిషి. నాయకుడిది నిజంగా పిచ్చా, నటనా అని మూడు వారాలు కొట్టుకున్నారు. బావని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. రేకు మీద దెబ్బ పడితే ఎన్నో నంబరు రేకో ఆయన చెప్పేసేవాడు. “అది ఓడ తలుపు కాదు, బీరువా తలుపు. మోసం” అని తీర్పు ఇచ్చేవాడు.

శనివారం మాకో ఆట. ముందురోజు విన్న భాగంలో ఒక సన్నివేశాన్ని ఎవరి ఇంట్లో ఉన్న సామానుతో వాళ్ళు చప్పుళ్ళు చేసి, రికార్డు చేసి పెట్టాలి. మిగతావాళ్ళు పదికి మార్కులు వెయ్యాలి. ఈ ఆటలో ఒకావిడని మించినవాళ్ళు లేరు. మొదటిసారి ఆవిడ మాట్లాడినప్పుడు వెనక మిక్సీ తిరుగుతోందని ఆవిడకి మిక్సీ అనే పేరు పడిపోయింది. బక్కెట్టు, గొలుసు, చెంచాల డబ్బా ఉంటే చాలు, అంతరిక్షనౌకని వంటింట్లోకి దించేసేది. మేమందరం తొమ్మిదీ పదీ వేసేవాళ్ళం. బావ ఏడు దాటేవాడు కాదు. “ఏడు మార్కుల మేస్త్రీగారికి నమస్కారం. మీ చేత పది వేయించుకునే దాకా నేను ఈ గ్రహం వదలను” అని ఆవిడ నవ్వేది. మంచి నవ్వు. దాని వెనకాల ఇంకేమైనా ఉందా అని మేము అరవైమందిమీ ఒక్కరోజూ చెవి పెట్టలేదు.

నలభై ఒకటో భాగంలో నాయకుడు ఒక కూలీని గోడకేసి కొడతాడు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి మిక్సీ నించి రికార్డు వచ్చింది. నలభై ఎనిమిది సెకన్లు. మాటల్లేవు. దబ్బుమని దెబ్బలు, ఏదో కింద పడి దొర్లిన చప్పుడు, ఈడ్చిన చప్పుడు, మధ్యలో సన్నగా “వద్దు, వద్దు” అని ఏడుపు. నేను మిషను ఆపి మరీ విన్నాను. గ్రూపంతా ఊగిపోయింది. “తడి తువ్వాలుతో గోడని కొట్టారా? అద్భుతం” అని మాస్టారు తొమ్మిది వేశాడు. లిఫ్టాయన పదికి పదకొండు వేశాడు. నేను పది వేసి, నోరు ఊరుకోక ఇంకో ముక్క రాశాను: “ఏడుపు మాత్రం కాస్త ఎక్కువైంది.”

ఆ ముక్క రాసిన వేళ్ళు ఇవే.

పావుగంటకి బావ నా షాపులోకి వచ్చాడు. ఒంటినిండా తుప్పు, చేతిలో ఫోను. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

“ఒరేయ్, ఇది ఆట కాదు. ఆవిణ్ణి ఎవడో కొడుతున్నాడు.”

“ఎపిసోడ్లో ఉన్నదే కదా బావా. మార్కులు వెయ్యడం ఇష్టం లేక వంకలు పెట్టకు.”

“సరిగ్గా విను. నాలుగు దెబ్బలు ఒక్కలా పడ్డాయి. అయిదోది తేలిగ్గా, పక్కనించి పడింది. కుడిచెయ్యి నొప్పెట్టి ఎడమచేత్తో కొట్టాడు. తువ్వాలుతో గోడని కొట్టేవాళ్ళు చెయ్యెందుకు మార్చుకుంటారు?”

గ్రూపులోనూ అదే రాశాడు. ఒక్కడూ నమ్మలేదు. ఊహ బాగుంది, ఆధారం ఏదీ అన్నాడు మాస్టారు. మేస్త్రీ సొంత డ్రామా మొదలెట్టాడని లిఫ్టాయన నవ్వే బొమ్మలు పెట్టాడు. మిక్సీకి ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. పోలీసులకి చేస్తే ముందు అడ్రసు చెప్పమన్నారు. ఆవిడ పేరు కూడా మాకు తెలీదు.

 బావ నా ఎదురుగానే రికార్డు బటన్ నొక్కి, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“నేను మేస్త్రీని. ఇది నాటకం కాదు. ఆరేళ్ళ కిందట నా భార్యని గోడకి అదిమిపెట్టి కొట్టాను. నాలుగు దెబ్బలు కుడిచేత్తో. అది నొప్పెడితే ఎడమచేత్తో. ఆవిడ చెవి పోయింది అప్పుడే, జారిపడి కాదు. ఇది ఆ చప్పుడే. మిక్సీ ఇల్లు ఎక్కడో తెలిసినవాళ్ళు ఇప్పుడే చెప్పండి, చచ్చిపోతుంది.”

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. వాళ్ళిద్దరూ ఒకే ఇయర్‌ఫోను ఎందుకు పంచుకునేవాళ్ళో అర్థమైంది. రెండో బుడిపె మా అక్కకి దండగ.

లేచి కొట్టాను. జన్మలో ఒకరి మీద చెయ్యెత్తని వాణ్ణి, మూతి మీద కొట్టాను, ముక్కు మీద కొట్టాను. కుడుతున్న తెల్లచొక్కా మీద రక్తం చిమ్మింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాలుగో దెబ్బకి నా వేళ్ళ కణుపులు చిట్లి ప్రాణం జివ్వుమంది. అయినా కసి తీరలేదు. ఎడమచేత్తో ఇంకోటి వేశాను.

బావ నెత్తురు ఉమ్మి, తలెత్తి అడిగాడు. “విన్నావా?”

నా ఎడమచెయ్యి గాల్లోనే ఆగిపోయింది. విన్నాను. అది ఫోన్లో విన్న అయిదో దెబ్బే.

“తర్వాత చంపుదువుగాని. ముందు ఆవిడ సంగతి చూడు” అన్నాడు.

ఆయన గొంతు విన్నాక గ్రూపులో ఎవరూ నవ్వలేదు. అందరూ ఆవిడ పాత రికార్డులు వెనక్కి తిప్పి మళ్ళీ వినడం మొదలెట్టారు. ఈసారి ఆవిడ చేసిన చప్పుళ్ళు కాదు, వాటి వెనక ఉన్నవి. ఒకదాంట్లో ఓ సైరన్ దగ్గి దగ్గి కూత అందుకుంది. “అది బట్టలమిల్లు సైరన్. నేను అక్కడ తొమ్మిదేళ్ళు చేశాను. అంత దగ్గరగా వినబడాలంటే మిల్లు వెనక వీధే” అన్నాడు లిఫ్టాయన. ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు మూడు రికార్డుల్లో మాస్టారు పట్టుకున్నాడు. బావ ఒక్కసారి విని, “ఇనప మెట్లు. బయటనించి ఉన్నాయి. ఒక మెట్టుకి బోల్టు ఊడింది” అన్నాడు. ఆ వీధి పేరు మాస్టారు పోలీసులకి చెప్పాడు. మేం అప్పటికే స్కూటర్ మీద ఉన్నాం. ఆయన నడిపాడు. వెనక కూర్చుని ఆయన భుజం పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

మిల్లు వెనక వీధిలో బయట ఇనప మెట్లున్న ఇల్లు ఒక్కటే. అయిదో మెట్టు కాలి కింద గల్లుమంది. పైన కటకటాల తలుపుకి లోపలనించి తాళం. అవతల ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఓ మనిషి నిలబడి ఉన్నాడు. తల చక్కగా దువ్వుకున్నాడు. చేతిలో ఆవిడ ఫోను.

“గ్రూపువాళ్ళా? మార్కులు బాగా వేశారండీ. మా ఆవిడకి చదివి వినిపించాను” అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టే ఉంది. తర్వాత బావ మొహం మీది రక్తం చూశాడు. “మీరేనా మేస్త్రీ? ఇప్పుడే విన్నాను. మీకు నేను చెప్పేదేముంది, మీరూ పడ్డవారే కదా. కొందరు ఆడవాళ్ళకి మాటలతో ఎక్కదు.”

బావ తలుపు దగ్గరికి జరిగాడు. స్కూటర్లోంచి తెచ్చిన ఇనప కడ్డీని తాళం సందులో దూర్చి ఒక్క ఊపు ఊపాడు. తాళం కొండీతో సహా ఊడి వచ్చింది. ఆ పెద్దమనిషి పొయ్యి మీది పెనం అందుకుని బావ తల మీద కొట్టాడు. రెండోసారి ఎత్తేసరికి బావ అతని మణికట్టు పట్టుకుని తిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నేను స్పష్టంగా విన్నాను. దానికి ఎవరూ మార్కులు వెయ్యలేదు. అతను అరుస్తూ బావ చెయ్యి కొరికాడు. బావ అతణ్ణి జుట్టు పట్టుకుని గోడకేసి గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. నేను వెనకనించి పట్టుకోకపోతే అక్కడే చంపేసేవాడు. నిజం చెప్పనా? పట్టుకునే ముందు నేను కాసేపు ఆగాను.

ఆవిడ వంటింటి గట్టు కింద పడి ఉంది. దవడ పక్కకి జరిగిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెంచాల డబ్బా బోర్లాపడి చెంచాలన్నీ ఆమె చుట్టూ చెదిరి ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగిలింది. ఇంకో అరగంట ఆలస్యమైతే మెదడులో రక్తం గడ్డకట్టి ప్రాణం పోయేదని డాక్టరు తర్వాత చెప్పాడు.

అతణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. నాలుగోరోజు ఆస్పత్రిలో ఆవిడతో మాట్లాడనిచ్చారు. మాట్లాడటమంటే రాయడమే. దవడకి తీగలు వేసి బిగించారు. బావ తలకి తొమ్మిది కుట్లు. మా అక్క ఆ నాలుగు రోజులూ ఆవిడ మంచం పక్కనే ఉంది. బావ పెట్టిన రికార్డు అక్క శనివారమే వింది. నాతో గాని ఆయనతో గాని దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆవిడ ఫోను పోలీసుల దగ్గరే ఉంది కాబట్టి ఆ సంగతి ఆవిడకి తెలీదు.

నేను వెళ్తూనే ముందు నా సంగతి చెప్పేశాను. ఏడుపు ఎక్కువైందని రాసింది నేనేనన్నాను. ఆవిడ ఒంటికన్నుతో నా వంక చూసి, కాగితం మీద రాసింది: “ఆట కోసం గ్రూపు తెరిచాను. అప్పుడే అతను వచ్చాడు. ఫోను వీపు వెనక దాచుకుని బటన్ నొక్కి పట్టుకున్నాను. మీరైతే జాగ్రత్తగా వింటారనుకున్నాను.”

ఆ కాగితాన్ని ఇవాల్టికీ నేను పూర్తిగా చదవలేను.

తర్వాత ఆవిడ మేస్త్రీ ఎవరని సైగ చేసింది. అక్క చూపించింది. ఆవిడ బావకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చోబెట్టుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. కాగితం తీసుకుని రాసి, ఆయనకి చూపించింది: “ఇంతమందిలో మీ ఒక్కరికే ఎలా తెలిసింది?”

బావ అక్క వంక చూశాడు.

“నన్నెందుకు చూస్తావ్? చెప్పు” అంది అక్క. “ఆరేళ్ళలో నాతో ఈ మాట ఒక్కసారీ అనలేదు. అరవైమందికి చెప్పావు. ఈవిడకీ చెప్పు.”

చెప్పాడు. గ్రూపులో చెప్పిన మాటలే, ఇంకా నెమ్మదిగా. గోడకి అదిమిపెట్టడం, నాలుగు దెబ్బలు, చెయ్యి మార్చుకోవడం, చెవి. ఒక్క ముక్కా దాచలేదు.

ఆవిడ వింటూ వింటూ ఆయన చెయ్యి వదిలేసింది. కాళ్ళు రెండూ మెల్లగా దగ్గరికి లాక్కుని, దుప్పటి మెడదాకా కప్పుకుని, మంచం తలగడ వైపుకి జరిగిపోయింది. ప్రాణం కాపాడిన మనిషిని చూసి వణుకుతోంది. బావ లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

“డిశ్చార్జయ్యాక ఈవిణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నాను” అంది అక్క. “తాళంచెవి ఇచ్చి వెళ్ళు.”

ఎన్నాళ్ళకని బావ అడగలేదు. జేబులోంచి గుత్తి తీసి, షెడ్డు తాళంచెవి ఒక్కటీ వేరుచేసుకుని, మిగతావి అక్క చేతిలో పెట్టాడు.