ఎర్రచీర మీద తిరిగిన విమానం

నా చిన్నప్పుడు పటమటలో మా ఇంట మగ్గం చప్పుడు ఆగిన రోజులు తక్కువ. మా బాబాయికి మాత్రం ఆ మగ్గం గుంటలో ఊపిరాడేది కాదు. యుద్ధం ముగిసిన కొత్తల్లో గన్నవరం మైదానంలో విమానం నడపడం నేర్చుకోవడానికి చేరాడు. ఇంట్లో అందరూ తిట్టారు. నాయనమ్మ కూడా తిట్టింది కానీ, లోపల మురిసిపోయింది.

ఒకరోజు భోంచేస్తూ, పైనుంచి చూస్తే పెంకుటిళ్ళన్నీ ఒకేలా ఉన్నాయని, మన ఇల్లేదో పోల్చుకోలేకపోయానని బాబాయి నాయనమ్మకి వినబడేలా గట్టిగా అన్నాడు. నాయనమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. అప్పుడే మగ్గం మీంచి కోసిన ఎర్రచీరను అమ్మకానికి పంపకుండా, ఇంటి వెనక కోతకోసిన చేలో పరిచింది. ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్ళు నేను పెట్టాను.

మర్నాడు చిన్న విమానం వచ్చింది. చీర కనబడినట్టుంది, బాగా కిందికి దిగి దాని చుట్టూ తిరిగింది. నాయనమ్మ కొంగు ఊపింది. బాబాయి విమానాన్ని ఇంకా వంచి, ఇంకా నెమ్మదిగా తిప్పాడు. ఉన్నట్టుండి ఒక రెక్క వాలిపోయింది. గింగిరాలు తిరుగుతూ పక్క చేలో పడింది. ఇంజను చివరిదాకా మోగుతూనే ఉంది. నాయనమ్మకి చెవుడు. నేను విన్నాను.

దినాలు అయ్యాక, బాబాయితో కలిసి నేర్చుకుంటున్న స్నేహితుడు వచ్చాడు. నాయనమ్మ అన్నం మానేసి మూల పడుకుని ఉంది. ఆయన్ని ఒక్కటే అడిగింది.

"నా చీర చూడబోయి పడ్డాడా నాయనా?"

"అయ్యో, అదేం లేదండీ పిన్నిగారూ! ఇంజను ఆగిపోయిందండీ. చీర ఉన్నా లేకపోయినా పడేదే," అని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

నేను నోరు తెరిచాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చాడు. అక్కడ నిజం చెప్పాడు. విమానాన్ని మోసేది రెక్కల చుట్టూ పారే గాలేనట. మరీ వంచి, వేగం తగ్గించి తిప్పితే ఆ గాలి పట్టు తప్పుతుందట, ఇంజను ఎంత మోగినా ఇక నిలవదట. నేల మీదే చూపు పెట్టుకుంటే వేగం తగ్గిన సంగతి తెలియదని, తమలో ఇంతకుముందూ ఒకడు అలాగే పోయాడని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇది నీకూ నాకూ తెలిస్తే చాలమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ రెండు ముద్దలు మింగింది. కొన్నాళ్ళకి మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది. ఎర్ర నూలు మాత్రం ఇక ముట్టలేదు. ఆ మాట నమ్మిందో, నమ్మినట్టు ఉండిపోయిందో నాకు తెలియదు.

నిజమే పలకాలని బడిలో మాకు నేర్పిన మాస్టారు ఆ రోజు మా వసారాలో లేరు. ఉంటే ఏం చెప్పేవారో చూడాలని ఉండేది. ఇన్నేళ్ళొచ్చినా, నిజం నాలిక మీదికి రాగానే దాన్ని మోయాల్సిన మనిషి ముఖం ఒకసారి చూస్తాను. చాలాసార్లు నోరు మూసుకుంటాను.