దశమి నుంచి పాడ్యమి దాకా

మా అత్తమ్మ ఆదిలక్ష్మికి దేవుడితో మాట్లాడటం బాగా అలవాటు. మనుషుల మాట వినడమే కొంచెం తక్కువ. చిక్కడపల్లిలో పుట్టి, రెండు గల్లీల అవతలికి కోడలిగా వచ్చి, యాభై ఎనిమిదేళ్ళు నిండినా అటు నారాయణగూడ పూలకొట్టు, ఇటు అశోక్ నగర్‌లో కొడుకు పుస్తకాల దుకాణం దాటి పెద్దగా పోని మనిషి. అయినా ఆవిడ ముందు నోరెత్తే ధైర్యం మా గల్లీలో ఎవరికీ లేదు. కరెంటాఫీసులో చేసి రిటైరైన మామయ్య జగన్నాథరావు గారికైతే అసలే లేదు.

నాకూ శ్రావణ్‌కూ పెళ్ళై మూడేళ్ళు దాటినా పిల్లలు కలగలేదు. పరీక్షలన్నీ చేయించుకున్నాం. ఇద్దరిలో ఏ లోపమూ లేదంది డాక్టరమ్మ. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. లోపముంటే మందైనా ఉండేది కదా.

అత్తమ్మ ఊరుకునే రకం కాదు. 2011 శ్రావణ పున్నమినాడు మొక్కేసింది, పదహారు పున్నములు మా ఇద్దరితో సత్యనారాయణ వ్రతం చేయిస్తానని. ఊరికే చేస్తే సరిపోతుందా, నిష్ఠ ఉండాలి. ప్రతినెలా దశమి నుంచి పున్నమి మర్నాడు పాడ్యమి దాకా నేను ఆవిడ గదిలో చాప మీద, శ్రావణ్ హాల్లో మామయ్య గురక పక్కన. పైగా వచ్చిన ముత్తయిదువలందరికీ గొప్పగా చెప్పేది.

"మా రోజా అమాసకే బయటుంటది. పున్నమికి ఒక్కసారి గూడ అడ్డం రాలే. అంత సామి దయ."

నేను సిగ్గుతో వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఏడు వ్రతాలయ్యాయి. ప్రసాదం తినీ తినీ నేనూ శ్రావణూ లావయ్యాం, అంతకు మించి ఏమీ కాలేదు.

అప్పుడే నారాయణగూడలో మా డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు విజయశ్రీ అక్క నా చేతిలో ఒక గళ్ళ నోటుబుక్కు పెట్టింది. పొద్దున మంచం దిగకముందే థర్మామీటర్ నోట్లో పెట్టుకుని, ఒంటి వేడి ఎంతుందో గళ్ళలో చుక్క పెట్టాలి. పచ్చిగుడ్డు తెల్లసొనలా సాగే తడి కనిపిస్తే రాసుకోవాలి, అండం విడుదలయ్యే రోజు దగ్గరపడ్డట్టు. ఆ తర్వాత వేడి కాస్త పెరిగి అలాగే నిలబడితే ఆ నెలకు అదను దాటిపోయినట్టు. నెలసరి వేళకు అది మళ్ళీ దిగుతుంది, దిగకపోతే కడుపు పండినట్టు. భార్యాభర్తలు కలిసిన రోజుకు సున్నా చుట్టాలి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకూ, ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకూ ఇదే పుస్తకమట.

నోట్లో థర్మామీటర్ చూసి అత్తమ్మ "రోజూ జరమేంది నీకు?" అని శొంఠి కషాయం కాచింది. నిజం చెప్పలేక మూడు నెలలు అది తాగాను.

మూడు నెలల చుక్కలు చూసి విజయశ్రీ అక్క కళ్ళద్దాలు సర్దుకుంది.

"గిదేంది రోజా? తెల్లసొన రోజులల్ల ఒక్క సున్నా లేదు. గప్పుడు మీ ఆయన ఊర్ల ఉండడా?"

"ఉంటడక్కా. హాల్ల ఉంటడు."

ఆమె పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ మీద, శ్రావణ్ మీద, అన్నిటికీ తలూపిన నా మీద. బిడ్డ కోసం చేసే వ్రతమే బిడ్డకు దారి లేకుండా చేస్తోంది!

"అమ్మకు నేను చెప్పలేను" అని శ్రావణ్ ఆ రోజు దుకాణానికి గంట ముందే పోయాడు. చివరికి నేనే, అత్తమ్మ వత్తులు చేసుకుంటుంటే, నోటుబుక్కూ గోడ క్యాలెండరూ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వేలు క్యాలెండర్ మీద దశమి దగ్గర మొదలై పాడ్యమి దగ్గర ఆగింది. ఒక నెల, రెండో నెల, మూడో నెల.

"అంటే నేనే అడ్డం పడ్డనా, బిడ్డా?"

నేను నోటుబుక్కు మూసేశాను. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. నా కోపం ఎటుపోయిందో తెలియదు, భయం మిగిలింది.

మర్నాడు తనే పిలిచి కూర్చోబెట్టుకుంది. "శ్రావణ్ పుట్టక ముందు ఆరేండ్లు, ఎవ్వరి తొట్టెల కాడికి పోయినా నా చేతికి పిల్లనియ్యకపోదురు. నీకు గట్ల కావద్దనే నా పరేషాన్ అంత." ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదలు. నేనూ ఏడ్చేశాను.

వ్రతం చేయించే అయ్యగారికి అప్పుడే ఫోన్ చేసింది. మిగిలిన పున్నములకు పీటల మీద తనూ మామయ్యా కూర్చుంటారట. మొక్కింది కొడుకూ కోడలి పేరున కదా అని ఆయన నసిగాడు.

"మొక్కింది నేను. దేవునితోని నేను మాట్లాడుకుంట" అని పెట్టేసింది.

"మరి నిష్ఠ?" అన్నాడు మామయ్య.

"మీకిప్పుడు రోజూ నిష్ఠనే గదా, మళ్ళ అడుగుడేంది!"

ఆ నెల దశమినాడు చాప మీద తలకింద పెట్టుకునే నా మెత్త కనిపించలేదు. వెతికితే మా గదిలో మంచం మీద, శ్రావణ్ మెత్త పక్కన ఉంది. అత్తమ్మ నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడు నెలలు ఏమీ కాలేదు. అత్తమ్మ కషాయం కాయడం మానేసి, పొద్దున్నే "ఇయ్యాల ఎంత?" అని అడగడం మొదలుపెట్టింది. పద్నాలుగో పున్నమి తర్వాత వేడి పెరిగి, అమావాస్య దాటినా దిగలేదు. వేడి పెరిగిన పద్దెనిమిదో రోజు నా చేతిలో పెన్సిల్ లాక్కుని చుక్క తనే పెట్టింది, గళ్ళు చిరిగేంత గట్టిగా.

2013 ఎండాకాలంలో పాప పుట్టింది. పాపను తొట్టెలలో వేసిన నాడు ఇల్లంతా చుట్టాలు. పై వాటాలో కిరాయికుండే లక్ష్మి, పెళ్ళై ఐదేళ్ళయినా పిల్లల్లేని మనిషి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అత్తమ్మ నా ఒళ్ళోంచి పాపను తీసుకుంది. చేతులు చాచిన మేనత్తలందరినీ దాటుకుని పోయి లక్ష్మి చేతుల్లో పెట్టింది.

"జర తల కింద చెయ్యి పెట్టి పట్టుకో బిడ్డా" అంది. లక్ష్మికి ఏడుపు ఆగలేదు.

అందరూ భోజనాలకు లేచాక అత్తమ్మ నా చెవిలో మెల్లగా అడిగింది. "నీ గళ్ళ పుస్తకం యాడుంది? లక్ష్మికి చూపియ్యి. అడ్డమేమన్న ఉంటే ఆళ్ళ అత్తతోని నేను మాట్లాడుత."