నిమ్మలం అంటే ఏంది?

వాన తడిపిన పల్లి చేలలోంచి నేరుగా మా ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఆడవాళ్ళ కాళ్ళకు ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. ఈ ఉదయం ఆ పచ్చి మట్టి వాసన గది నిండా కమ్ముకుంది. ఒక ముసలమ్మ బెంచీ మీద కోడలిని చూపించి, "ఇంతసేపు మూలిగింది సిస్టరమ్మా, ఇప్పుడు నిమ్మలంగున్నది. మెల్లగ సూడుర్రి" అంది. చేతిలోని పెన్ను అలాగే వదిలేసి లేచాను. కోడలు కళ్ళు తెరిచి, "దూప అయితుంది" అని నీళ్ళు అడిగేదాకా నా గుండె దడ తగ్గలేదు. మా పాలమూరులో నిమ్మలం చాలా మంచి మాట. క్షేమం, నెమ్మది, నొప్పి తగ్గడం అన్నీ అందులోనే ఇమిడిపోతాయి. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దానికి కారణం మార్తమ్మ సిస్టర్.

మార్తమ్మ సిస్టర్ మాకు నర్సింగ్ చెప్పిన ట్యూటర్. గట్టు అనే ఊరి దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టారు. పొట్టి మనిషి. నడక మాత్రం ఎంత చురుకంటే, వెనక మేము పరుగెత్తాల్సి వచ్చేది. నేను ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక ట్రంకు పెట్టె, నాలుగు నవలలు, ఒక డైరీ పట్టుకుని ఆమె ముందుకు వచ్చిన పిల్లను. డైరీలో పేజీలు నింపేదాన్ని. మనుషుల ముందు మాత్రం గొంతు పెగిలేది కాదు. మొదటి ఏడాది ఒక రోజు, వాంతులు విరేచనాలతో చేరిన పసివాడి గురించి సిస్టర్ అడిగితే, "నిమ్మలంగున్నడు సిస్టర్" అన్నాను.

"నిమ్మలం అంటే ఏంది?"

నేను చేతిలోని కేస్ షీటు తిరగేశాను.

"ఉచ్చ పోసిండా? నాలుక తడిగున్నదా? పేరు పెట్టి పిలిస్తె చూస్తుండా? ఏడుస్తుండా, ఏడ్వనీకె గూడ బలం లేదా? నోట్లె ముత్యాలున్నయా పద్మా, తెరిస్తె రాల్తయని భయమా?"

వార్డంతా నవ్వింది. చెవులు కాలిపోయాయి. వెనక్కి వెళ్ళి చూస్తే, పసివాడు ఏడుస్తున్నాడు గానీ కంట్లోంచి చుక్క రాలడం లేదు. అదే వచ్చి చెప్పాను. సిస్టర్ అప్పుడే సెలైను మార్చడానికి కదిలారు. ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో ఆ మాట నిషేధం.

మూడో ఏడాది, చివరి పరీక్షలు దగ్గరపడ్డాక, ఆదివారాలు హాస్టల్ భోజనాల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రశ్నలు వేసేవారు. "నలుగురు పేషెంట్లు. ఒకడు మొత్తుకుంటుండు. ఒకామె ఏడుస్తుంది. ఒకాయన మిమ్మల్ని తిడుతుండు. ఒకామె మాట్లాడ్తలేదు. ముందు ఎవరి దగ్గరికి పోతరు?"

నా స్నేహితురాలు సుజాత తడుముకోకుండా, "తిట్టేటాయన దగ్గరికి సిస్టర్! లేకుంటె డాక్టర్ సారుకు మన మీద చాడీలు చెప్తడు" అంది.

"తిట్టనీకె ఊపిరి కావాలె పిల్లా. ఊపిరున్నోడు జరసేపు ఆగుతడు." సిస్టర్ పీకిన ఈనెను సుజాత మీదికి విసిరారు. "అట్లని మొత్తుకునేటోళ్ళంత బాగున్నట్టు గాదు. చెవులతోని గాదు, కండ్లతోని చూడాలె. మాట్లాడనామె ఎందుకు మాట్లాడ్తలేదో ముందు తెల్సుకోవాలె."

మాట్లాడనామె అన్నప్పుడు సిస్టర్ చూపు నా మీద కాసేపు నిలిచినట్టు అనిపించింది. తల వంచుకుని చిక్కుడుకాయలు తీసుకున్నాను.

ప్రాక్టికల్ పరీక్ష రోజు బయటి నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చారు. మార్తమ్మ సిస్టర్ కిటికీ పక్కన నిలబడ్డారు. మాతో ఒక్క మాట మాట్లాడకూడదు, అది పరీక్ష నియమం. నాకు ఒక తాత కాలి పుండుకు కట్టు కట్టే పని పడింది. చేతులు కడిగి, శుభ్రమైన గ్లోవ్స్ తొడుక్కున్నాను. ఇక ఆ చేతులతో ట్రే తప్ప ఇంకేది ముట్టినా పరీక్ష పోయినట్టే. వార్డు ఆ చివర తేలు కుట్టిన మనిషి పెద్దగా అరుస్తున్నాడు. డాక్టర్ సారు అక్కడే ఉన్నారు.

తాత పక్క మంచం మీద సాయమ్మ అనే ఆమె పడుకుని ఉంది. తెల్లవారుతుండగా కడుపునొప్పితో వస్తే సూది ఇచ్చారట. భర్త తువ్వాలతో విసురుతూ నాతో అన్నాడు: "పొద్దుగాల పొర్లి పొర్లి ఏడ్చింది సిస్టరమ్మా. సూదిచ్చినంక నిమ్మలంగ పండుకుంది."

దూది పట్టుకున్న చెయ్యి ఆగింది. సాయమ్మ నోటి మూల నుంచి ఉమ్మి కారుతోంది. భర్త పేరు పెట్టి పిలవగానే ఆమె నుదురు ముడతలు పడింది, కనుబొమలు పైకి లేచాయి. రెప్పలు మాత్రం లేవలేదు. నిద్రపోయే మనిషి కనుబొమలు ఎందుకు ఎత్తుతుంది?

మార్తమ్మ సిస్టర్ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒక్కసారి ఇటు తిరిగితే చాలు అనుకున్నాను. తిరగలేదు.

"నీ పేషెంటు ఇక్కడున్నాడు" అన్నారు ఎగ్జామినర్ మేడమ్.

"అక్కా, ఉమ్మి మింగు" అన్నాను సాయమ్మతో. గొంతు కదిలింది గానీ ఉమ్మి దిండు మీదికే జారింది. గ్లోవ్ వేసిన వేలితో ఆమె రెప్ప ఎత్తాను. లోపల కన్ను నన్నే చూస్తోంది. ఆమెకు అంతా తెలుస్తోంది. ఎవరికీ చెప్పలేకపోతోంది.

"రాత్రి ఏడ పండుకున్నరు?" అని భర్తను అడిగాను.

"చేన్లనే. అడివి పందులకు కావలి. కిందనే పండుకున్నం."

అప్పుడు వచ్చిన గొంతు నాదని నాకే తెలియలేదు. "డాక్టర్ సార్! ఇటు రండి! ఈమెకు రెప్పలు లేస్తలేవు, ఉమ్మి మింగలేకపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. రాత్రి చేన్ల నేల మీద పండుకుందట. పాము కావచ్చు!"

"పామేంది? కాటే లేదు సారూ, కడుపునొప్పి!" అంటూ భర్త లేచి నిలబడ్డాడు.

పరుగున వచ్చిన డాక్టర్ సారు ఒక్క చూపు చూసి, "కట్లపాము కాటు చాలాసార్లు కనపడదు, కాటు దగ్గర నొప్పీ ఉండదు, కడుపునొప్పే వస్తుంది" అంటూ విరుగుడు మందు తెమ్మని కేక వేశారు. ఆ మందు ఎక్కుతుండగానే ఊపిరి ఇంకా సన్నగిల్లింది. మార్తమ్మ సిస్టర్ ఎప్పుడు కిటికీ వదిలారో చూడలేదు. నోరు శుభ్రం చేసి, ముఖానికి మాస్కు అదిమి, గాలి సంచి నా చేతుల్లో పెట్టారు. "వత్తు. ఛాతీ లేస్తుందా లేదా, అది చూసుకుంట వత్తు." పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే జీపు వచ్చేదాకా సాయమ్మ ఊపిరి నా వేళ్ళలోనే ఉంది. జీపులో మార్తమ్మ సిస్టర్ ఆ సంచి అందుకుని, కర్నూలు దాకా తానే వత్తుతూ వెళ్ళారు.

తిరిగి వార్డులోకి వచ్చాను. "మధ్యలో వదిలేశావు. ఎందుకు?" అన్నారు ఎగ్జామినర్ మేడమ్. "తాత పుండు కాసేపు ఆగగలదు మేడమ్. ఆమె ఆగలేదు." మేడమ్ కొత్త గ్లోవ్స్ అందించారు. "మొదటి నుంచి చెయ్యి." తాత కాలు చాపుకుంటూ, "కట్టు బిడ్డా, నేనేడికి పోతలే" అన్నాడు.

సాయమ్మ ఊపిరి యంత్రం మీద కొన్ని రోజులుండి కళ్ళు తెరిచిందని సిస్టరే వచ్చి చెప్పారు. మెచ్చుకుంటారేమో అని ఎదురుచూశాను.

"రెప్పలు చూసినంక నా మొహం దిక్కు ఎందుకు చూసినవ్?"

"మీరేమన్న చెప్తరేమోనని..."

"నా మొహం మీద ఏముంటది? పేషెంటు మొహం మీదుంటది." వెళ్ళబోతూ ఆగి, "గొంతు మంచిగనే ఉన్నది నీకు. మెయిన్ గేటు దాక ఇనొచ్చింది" అన్నారు.

సిస్టర్ రిటైరై గట్టు దగ్గరి సొంత ఊరికి వెళ్ళిపోయారు. పోయిన చలికాలం ఫోన్ చేసి, ఎట్లున్నరని అడిగాను. "నిమ్మలమే బిడ్డా" అన్నారు.

ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. మాట చివర ఊపిరి అందలేదు.

"నిమ్మలం అంటే ఏంది సిస్టర్?"

అవతల నవ్వబోయి దగ్గారు. నేను ఆగలేదు. "పండుకుంటె ఊపిరాడుతుందా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నరు? కాళ్ళు వత్తుకోండి, వేలు పెట్టిన కాడ గుంట పడుతుందా?"

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చిన్నపిల్లలా, "పడుతుంది" అన్నారు.

"ఇప్పుడే గద్వాల ఆసుపత్రికి బయల్దేరండి. రేపు కాదు, ఇప్పుడే" అని గట్టిగా చెప్పాను. నా జీవితంలో ఆమెను గదమాయించింది ఆ ఒక్కసారే. వెళ్ళారు. గుండె బలహీనపడిందట. మందులు వాడుతున్నారు.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఆమె ఆ మాట అనరు. కాళ్ళ వాపు తీసిందని, ఒక్క దిండు మీదే పడుకుంటున్నానని, ఉప్పు లేని పప్పు మనుషులు తినేది కాదని వరుసగా అప్పజెబుతారు. అంతా వింటాను. మాటల మధ్య ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో కూడా వింటాను. అప్పుడు గానీ నేను నిమ్మలపడను.