రెండో ఒరిజినల్

దయ్యాల మాటెత్తితే మూతి తిప్పుకునే రకం నేను. మా అత్తగారు అమావాస్యకి గుమ్మడికాయ పగలగొడుతుంటే, "కూరకైనా పనికొచ్చేది కదా!" అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. కానీ ఇది నా కళ్ల ముందు జరిగింది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చిన్న జిరాక్స్ షాపు. బంద్ రోజు అందరం షట్టర్లు దించేవాళ్లం. అయినా అద్దె ఆగదుగా! తెలిసినవాళ్లు వస్తే లోపల నా దగ్గరికి పంపి, మా ఆయన బయట తాళం వేసి వీధి చివర నిలబడేవారు. పనయ్యాక ఫోన్ చేస్తే వచ్చి తీసేవారు.

అలాంటి ఓ బంద్ మధ్యాహ్నం మంజుల వచ్చింది. మా వీధిలో అద్దెకుండే నల్గొండ పిల్ల. నర్సు ఉద్యోగం వచ్చింది. మర్నాడే ఎల్బీనగర్‌లోని ఆసుపత్రిలో ఒరిజినల్స్, కాపీలు చూపించి చేరాలి. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. ఈ ఉద్యోగం పోతే సామాను సర్దుకుని ఊరికి పోవాల్సిందే.

తన టెన్త్ మెమో మడతల దగ్గర నలిగిపోయింది, ఓ మూల పసుపు మరక. అలాంటివి అద్దం మీద పెట్టి తియ్యాలి. కానీ మూత ఎత్తితే మెషిన్ లైటు వెలుగు షట్టర్ కింద సందులోంచి రోడ్డుకి కనబడుతుంది. అందుకే కాగితాలన్నీ ఫీడర్‌లో పెట్టాను. ఒక్కొక్కటీ అదే లాక్కుంటుంది, మూతతో పని లేదు. మిగతావన్నీ వచ్చేశాయి. మెమో లోపలికి పోయింది, బయటికి రాలేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

బయట నినాదాలు, పరుగులు. షట్టర్ మీద రాయి పడింది. కాసేపటికి టియర్ గ్యాస్ పొగ సందులోంచి లోపలికొచ్చింది. మా ఆయనకి ఫోన్ కలవలేదు. షట్టర్ కొట్టి పిలుద్దామంటే ఎవరు తెరుస్తారో అని భయం.

"మావోళ్లే అక్కా, ఏమనరు," అంది మంజుల దగ్గుతూ.

"అయితే మీవాళ్లనే తాళం తియ్యమను తల్లీ!" అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఊపిరాడక నేలమీద కూలబడ్డాం. నేను ఫీడర్ తెరవబోతే చెయ్యి పట్టుకుంది. "చీకట్ల గుంజకు అక్కా. గా మెమో చినిగితే నా బతుకు ఆగమైతది."

అంతలో ఫీడర్ తిరిగింది. రోజంతా వినే చప్పుడే, పొరపాటు పడను. కరెంటు లేదు, మాకు ఇన్వర్టర్ కూడా లేదు. మెమో వచ్చి ట్రేలో పడింది. ఎక్కడా చిరగలేదు. మంజుల దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేసింది.

సాయంత్రం మా ఆయన తాళం తీశారు. కరెంటు కూడా వచ్చింది. ముక్కేమైనా ఇరుక్కుందేమోనని ఫీడర్ తెరిచాను. లోపల, ఆగిపోయిన చోటే, మెమో ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అవే మడతలు, అదే పసుపు మరక, కాగితం వెనక్కి ఇంకిన అదే సంతకం సిరా. కాపీ అయితే నాకు తెలియదా? ఇన్నేళ్ల పని నాది. మెషిన్ బాగుచేసే అతన్ని అడిగితే, రోలర్లలో కరెంటు మిగిలి తిరిగుంటుందన్నాడు. మరి కాగితం సంగతేంటయ్యా అంటే టీ తాగి వెళ్లిపోయాడు.

మంజుల ఒకటి తీసుకెళ్లి ఉద్యోగంలో చేరింది. రెండోది ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. అది మా బీరువాలోనే ఉంది. చింపడానికి చెయ్యి రాదు, మళ్లీ ఫీడర్‌లో పెట్టే ధైర్యం లేదు.

మొన్న కనబడినప్పుడు అడిగింది. "రెండూ నాయే అక్కా. మరి నేనొక్కదాన్నే గద?"

ఇంటికొచ్చి బీరువా తాళం సరిగ్గా వేసి ఉందో లేదో చూసుకున్నాను.